కోవ్‌కి వెళ్ళే ముందు

చిరంజీవి లక్ష్మికి పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం ఐర్లండ్‌లో కార్క్ నుంచి కోవ్ రేవుకి వెళ్తున్నానని రాశావు. బోర్డు మీద స్పెల్లింగ్ చూసి కోభ్ అనకు, అక్కడ కోవ్ అనే అంటారు. నేను వెళ్ళినప్పుడు అన్నీ ఒక్కరోజులో చూసేయాలని పరుగులు పెట్టాను. సగం టైము టైటానిక్ ఓడ ప్రదర్శన దగ్గరే అయిపోయింది. నువ్వలా చెయ్యకు తల్లీ. 1912లో ఆ ఓడ ఎక్కడానికి ఈ రేవుకు వచ్చినవాళ్ళు 123 మంది. 1848 నుంచి వందేళ్ళలో ఇక్కడి నుంచి దేశం విడిచిపోయినవాళ్ళు 25 లక్షల పైమాటే.

పొద్దున్నే ముందు మిడిల్టన్‌లో దిగు. బెయిలిక్ పార్కులో తొమ్మిది పెద్ద స్టీలు ఈకలు గిన్నె ఆకారంలో నిలబెట్టి ఉంటాయి. ఐర్లండ్‌లో జనం ఆకలితో చస్తున్నారని విని, 1847లో అమెరికాలోని చోక్టా ఆదివాసీ తెగవాళ్ళు 170 డాలర్లు పోగుచేసి పంపారు. వాళ్ళ గుర్తుగానే ఆ ఈకలు. వాళ్ళని సొంత నేల నుంచి వెళ్ళగొట్టడం మొదలై అప్పటికి పదహారేళ్ళే. ఆ ఈకల మధ్య కాసేపు నిలబడు. మన కలకత్తా నుంచి కూడా చందాలు వెళ్ళాయి.

తర్వాత గ్లౌంథాన్‌లో రైలు మారితే కోవ్. స్టేషన్ పక్కనే హెరిటేజ్ సెంటర్. లోపల నిదానంగా చదువు. 1845లో అక్కడి పేదల ముఖ్య తిండి అయిన బంగాళాదుంపకు తెగులు వచ్చి కరువు పడింది, నిజమే. కానీ తెగులు దుంపకే. ధాన్యం, పశువులు ఇంగ్లండుకు ఓడల్లో వెళ్తూనే ఉన్నాయి. కౌలు కట్టలేనివాళ్ళను భూస్వాములు ఇళ్ళలోంచి గెంటేశారు. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కారు. ఎవరైనా తెగులు ఒక్కటే చెప్పి ఊరుకుంటే, మిగతాది నువ్వే అడుగు.

రేవు ఒడ్డున ఆనీ మూర్ విగ్రహం దగ్గర కూర్చో. 1891 డిసెంబర్‌లో ఇద్దరు తమ్ముళ్ళను వెంటబెట్టుకుని, న్యూయార్క్‌లో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి బయల్దేరింది. జనవరి 1న అక్కడి రేవులో వలస వచ్చేవాళ్ళను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం తెరిచినప్పుడు అందరికంటే ముందు లోపలికి వెళ్ళింది ఈ పిల్లే. ఆ రోజుల్లో అమెరికా ప్రయాణానికి ముందు రాత్రి ఊరంతా ఇంటికొచ్చి తెల్లారేదాకా జాగారం చేసేవాళ్ళు. చనిపోయినవాళ్ళ దగ్గర చేసే జాగారాన్నే, బతికున్న పిల్లకి చేసేవాళ్ళు. ఆ పిల్లను మళ్ళీ చూడబోమని వాళ్ళకి తెలుసు. నిన్ను శంషాబాద్‌లో విమానం ఎక్కించి ఇంటికొచ్చాక మీ అమ్మ అన్నం ముట్టలేదు. దిగగానే నువ్వు వీడియో కాల్ చేశాకే తిన్నది. ఆ తల్లులకి ఉత్తరం రావడానికే వారాలు పట్టేది.

గొడుగు వద్దు, రేవు గాలికి నిలవదు. రెయిన్‌కోటు తీసుకెళ్ళు. చివరి రైలు టైము ముందే చూసుకో.

మీ పెద్దమ్మ