ఆ ఉద్యోగంలో మీ బిడ్డ చేసేది తప్పు పని కాదమ్మా

దేవరకొండ నుంచి ఒక తల్లి రాశారు. నల్గొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివిన వాళ్ల అమ్మాయికి హైదరాబాద్‌లో క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగం వచ్చింది. తీరా చూస్తే ఆడవాళ్లు వాడే కండోమ్, డయాఫ్రమ్ (గర్భసంచి మూతికి అడ్డుగా లోపల పెట్టుకునే మెత్తటి మూత) ఎంతవరకు పనిచేస్తాయో పరీక్షించే పని. "నలుగురికి ఏమని చెప్పుకోవాలి సార్, రేపు సంబంధాలు వస్తాయా" అని ఆమె టెన్షన్.

అమ్మా, ముందు ఆ పని ఏంటో చెప్తాను. ల్యాబ్‌లో కండోమ్‌లో నీళ్లు నింపి, మూతి బిగించి, బ్లాటింగ్ పేపర్ మీద దొర్లిస్తారు, ఎక్కడ తడి మరక పడితే అక్కడ చిల్లు ఉన్నట్టు. అది తేలికైన భాగం. అమెరికా లెక్కల ప్రకారం ఆడవాళ్ల కండోమ్‌ను ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో 100 మందిలో 5 మందికి గర్భం వస్తుంది, మామూలుగా వాడే తీరులో అయితే 21 మందికి. ఈ తేడా ఎందుకొచ్చిందో మెషీన్ చెప్పదు. జారిందా, చిరిగిందా, మంట పుట్టిందా, ఆ రోజు ఆయన వద్దన్నాడా, ఇవన్నీ తలుపు దగ్గరికేసి, పక్కన కూర్చుని, ఇంకో ఆడమనిషి అడిగితేనే బయటికొస్తాయి. మన యాసలో అడిగే మీ బిడ్డకు చెప్పినంత, ఇంగ్లీషు ఫారం పట్టుకొచ్చిన వాళ్లకు చెప్పరు.

నొనాక్సినాల్-9 అని వీర్యకణాలను చంపే మందు ఒకటుంది. అది హెచ్‌ఐవీని కూడా ఆపుతుందని ఆశపడ్డారు. ఆఫ్రికాలో, థాయ్‌లాండ్‌లో సెక్స్ వర్కర్లతో పరీక్ష చేస్తే, ఎక్కువసార్లు వాడినవాళ్లకు ముప్పు ఇంకా పెరుగుతోందని 2000లో తేలింది. ఆ పరీక్షే జరగకపోతే ఎంతమంది రక్షణ అనుకుని వాడుతూ పోయేవాళ్లో! మన దగ్గరైతే ఇద్దరు పిల్లలు కాగానే ఆడదానికే ఆపరేషన్, ఇంకో దారి ఉందని చెప్పేవాళ్లే తక్కువ, నాకు ఈ పని మీద అంత పట్టింపు అందుకే.

ఊళ్లో ఆశా అక్క నిరోధ్ ప్యాకెట్లు ఇస్తే ఎవరూ తప్పు పట్టరు కదా. అడిగినవాళ్లకు వైద్య పరికరాల పరీక్ష అని చెప్పండి, అబద్ధం కాదు, మన చట్టంలో కండోమ్ వైద్య పరికరమే. సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దాచితే తర్వాత బిడ్డకే కష్టం.

చేరేముందు అమ్మాయి కొన్ని అడగాలి. ఎథిక్స్ కమిటీ (పరీక్షలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి ఉందా, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అంటే మనుషులతో చేసే ఇలాంటి పరీక్షల జాబితాలో, నమోదైందా (2009 నుంచి తప్పనిసరి), అంగీకార పత్రం తెలుగులో ఉందా, ట్రయల్‌లో ఉన్న ఆమెకు గర్భం వస్తే ఎవరు చూసుకుంటారు. జవాబు నాన్చితే చేరొద్దు. అంతా సరిగ్గా ఉంటే రెండేళ్లు చేయనివ్వండి, తర్వాత బయోస్టాటిస్టిక్స్‌లోనో (వైద్య పరీక్షల లెక్కలు తేల్చే చదువు) పబ్లిక్ హెల్త్‌లోనో పీజీ చేస్తే ఈ అనుభవం బాగా పనికొస్తుంది. బాండ్ అంటే చదవకుండా సంతకం పెట్టొద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోమనండి, వాళ్ల దగ్గర జిరాక్సులు ఉంటే చాలు.