ఎండ ఉండగానే బయల్దేరు

చిరంజీవి కిరణ్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

"ఇక్కడ ఎండ కాస్తోంది పెద్దమ్మా, తుపానెక్కడ?" అని ఫోన్లో నవ్వావు. తుపానుకు ముందు రోజులు చాలాసార్లు అలాగే ఉంటాయి నాన్నా, ఉక్కపోతా ఎండా తప్ప ఏమీ కనబడదు. చేసుకోవలసిన పనులన్నీ ఆ ఎండలోనే చేసుకోవాలి. హైదరాబాద్‌లో పెరిగినవాడివి, అంతర్వేది పక్కన కాపురం పెట్టాక నీకిదే మొదటి తుపాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. కోడలికి కూడా చదివి వినిపించు.

ముందు వార్త ఎలా వినాలో చెబుతాను. అల్పపీడనం బలపడితే వాయుగుండం, ఆ తర్వాత తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను అని పేరు పెడతారు. పేరు పెట్టేదాకా ఆగకు, వాయుగుండం అన్నప్పుడే సామాను సర్దడం మొదలుపెట్టు. రేవుల్లో ఎగరేసే హెచ్చరిక ఒకటి, రెండు నెంబర్లయితే అది ఇంకా దూరాన ఉందని. ఎనిమిదికి చేరిందంటే నువ్వు ఆ ఇంట్లో ఉండకూడదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. "మచిలీపట్నం దగ్గర తీరం దాటుతుంది" అనగానే మన వైపు జనం "హమ్మయ్య, మనకి కాదు" అనుకుంటారు. అసలు భయపడాల్సింది అప్పుడే. మన సముద్రంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకని అది దాటే చోటుకు ఉత్తరాన ఉన్న తీరం మీదికి గాలి సముద్రపు నీటిని నెట్టుకొస్తుంది. దక్షిణాన నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. అంటే మచిలీపట్నం దగ్గర దాటితే అంతర్వేది నీళ్లు తోసుకొచ్చే వైపు పడుతుంది. కాకినాడ దగ్గర దాటితే నీటి భయం కాస్త తక్కువ, వానా గాలీ మాత్రం తప్పవు. పైగా దారి ఆఖరి గంటల్లో కూడా మారుతుంది. కాబట్టి మ్యాపు మీద ఆ గీత చూసి ధీమాగా కూర్చోకు. ఆ రోజు సముద్రం పోటు ఎన్ని గంటలకో మీ పక్క వీధి చేపల వేటగాళ్లను అడుగు. అమావాస్య, పౌర్ణమి పోటుకు తుపాను తోడైతే నీరు ఇంకా పైకొస్తుంది.

నీళ్ల గురించి ఇంత చెబుతున్నానని విసుక్కోకు. 1977 నవంబరు 19న దివిసీమలో పది వేల మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది గాలి కాదు, ఉప్పెన. 1996 నవంబరు 6న తుపాను మన కోనసీమ మీద పడ్డప్పుడు కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి, గాలికి లేచిన రేకులు కత్తుల్లా తిరిగాయి. గాలి నుంచి గట్టి డాబా కాపాడుతుంది. కానీ మీది డాబాయే అయినా సముద్రానికి దగ్గర, పైగా ఒక్క అంతస్తే. నీరొస్తే ఎక్కడానికి పైన గది లేదు, ఆ గాలిలో మేడ మీద నిలబడలేరు.

అందుకని నా మాట విని, అందర్నీ తీసుకుని పాలకొల్లు వచ్చెయ్యి. తీరం దాటే ముందు రోజు, మధ్యాహ్నం భోజనాలు కాగానే బయల్దేరండి. సఖినేటిపల్లిలో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వచ్చేద్దామనుకోకు, గాలి లేవగానే పంటు ఆపేస్తారు. మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి రా. గాలి బాగా లేచాక ఆ వంతెన మీద బండి నడపడం కుదరదు, అందుకే వెలుతురుండగానే రమ్మంటున్నాను. ఏ కారణంగానైనా రాలేకపోతే ఊళ్లో తుపాను షెల్టర్‌కి వెళ్లు. అక్కడ పడుకోవడం నామోషీ అనుకునేవాళ్లుంటారు, నువ్వు అనుకోకు.

మీ మేనేజరు "చెరువుల దగ్గర ఒకరైనా ఉండాలి, ఏరియేటర్లు ఆగి నీటికి గాలి అందకపోతే రొయ్య చచ్చిపోతుంది" అంటాడు. అనడం ఆయన ఉద్యోగం. రొయ్య మళ్లీ వేసుకోవచ్చు. జనరేటర్లో డీజిల్ పోసి, ఎత్తులో కట్టించి వచ్చెయ్యి.

ఇంట్లో పనుల్లో మొదటిది మేడ మీద ట్యాంకు. ఖాళీగా వదిలేస్తే గాలికి లేచిపోతుంది. అంచుదాకా నింపు, బరువుకు కదలదు, కరెంటు లేని రోజుల్లో ఆ నీళ్లే దిక్కు. తాగే నీళ్లు వేరే బిందెల్లో పట్టి మూతలు పెట్టండి. పెరట్లో గోడకు ఆనుకున్న కొబ్బరి చెట్టుకు కాయలు దింపించి, ఎండు మట్టలు కొట్టించు. దింపు కూలీలు ఆఖరి రోజున దొరకరు. పూలకుండీలు, ప్లాస్టిక్ కుర్చీలు లోపల పెట్టు. పక్కింటి వాళ్ల గేదెలు ఉన్నాయన్నావు, వెళ్లేముందు పలుపు విప్పేయమని చెప్పు. కట్టేసిన గొడ్డు నీళ్లొస్తే ఎటూ పోలేదు. బయల్దేరేటప్పుడు కరెంటు మెయిన్ ఆపి, గ్యాస్ రెగ్యులేటరు తీసెయ్యి.

ఇక డబ్బు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టాక కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. ఫోన్‌పేని నమ్ముకుని రాకు. చిన్న నోట్లు దగ్గర పెట్టుకో, బండి ట్యాంకు నింపించు. ఆధార్లు, బ్యాంకు పుస్తకాలు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి కోడలి బ్యాగులో పెట్టు. మీ అత్తగారి బీపీ బిళ్లలు, ఇన్సులిన్ పది రోజులకు సరిపడా తెచ్చుకోండి. ఫ్రిజ్ ఆగినా కంగారు పడకండి, సీసాలకు నీరు తగలకుండా కవర్లో కట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెడితే చల్లగా ఉంటాయి. అటుకులు, బెల్లం, పాపకు పాలపొడి చాలు, మిగతాది మా ఇంట్లో ఉంది.

షెల్టర్లో ఉండాల్సి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో. హోరుమంటున్న గాలి ఒక్కసారిగా ఆగిపోవచ్చు, ఆకాశం తేటపడొచ్చు. అయిపోయిందని బయటికి రాకు. అది తుపాను కన్ను. హుద్‌హుద్ అప్పుడు విశాఖ జనం చూశారు, కాసేపటికి గాలి రెండో వైపు నుంచి మళ్లీ విరుచుకుపడింది. అధికారులు చెప్పేదాకా గడప దాటొద్దు.

తిరిగి వెళ్లేటప్పుడు తెగిపడ్డ కరెంటు తీగ కనిపిస్తే దగ్గరకు పోకుండా 1912కి ఫోన్ చెయ్యి. ఇంట్లోకి చీకట్లో అడుగుపెట్టకు, నీటికి కొట్టుకొచ్చిన పాములు బట్టల గుట్టల్లో, మంచాల కింద చేరతాయి. ఒక కర్రతో తట్టి చూడు. బావిలోకి ఉప్పునీరు చేరి ఉంటే తోడించి, బ్లీచింగ్ వేయించేదాకా ఆ నీళ్లు వంటకు కూడా వద్దు. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లకు చూపించాలి కాబట్టి, ఇల్లు కడగకముందే ఫోటోలు తీసుకో. వెళ్లే ముందు తీసినవి కూడా ఉంటే ఇంకా మంచిది, అవి ఇవాళే తియ్యి.

బయల్దేరగానే ఫోన్ చెయ్యి. లైను కలవకపోతే మెసేజ్ పెట్టు, కాల్ వెళ్లనప్పుడు కూడా అది ఒక్కోసారి వెళ్తుంది. పై గది ఊడ్పించి ఉంచాను. మీ అత్తగారికి మెట్లు కష్టమైతే ముందే చెప్పు, కింద మంచం వేయిస్తాను.

మీ పెద్దమ్మ