1952లో హైదరాబాద్ రాష్ట్రం తొలి అసెంబ్లీ ఎన్నికల్లో చదువురాని పల్లెజనం ఓటు ఎలా వేశారు? అర్థమయ్యే వేశారా?

మా నాయనమ్మ వేసింది. అర్థమయ్యే వేసింది. ఆ రోజు సంగతి ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మాది పాత నల్లగొండ జిల్లా. అప్పటికి మా ఊరివాళ్ళు రజాకార్లను చూశారు, 1948 పోలీస్ యాక్షన్ చూశారు, ఆ తర్వాత మిలిటరీ క్యాంపులు చూశారు. కమ్యూనిస్టులు దొరల మీద, నిజాం మీద మొదలుపెట్టిన సాయుధ పోరాటం ఆపేసింది 1951 అక్టోబరులో, అంటే కొన్ని నెలల ముందే. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి వాళ్ళు పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. అలాంటి చోట చదువు రాకపోవడం ఒక సమస్యే కాదు. ఎవరికి వేశామో దొరకు తెలిస్తే ఏమవుతుందన్నదే అసలు టెన్షన్.

ఇప్పట్లా ఒకే కాగితం మీద గుర్తులన్నీ ఉండేవి కావు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కాంగ్రెస్‌ది కాడెద్దులు. కాగితం మీద ముద్ర వేసే పని కూడా లేదు, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. పైగా మా నల్లగొండ పార్లమెంటు సీటుకు ఇద్దరు సభ్యులు, అందుకని దానికి రెండు కాగితాలు, రెండూ ఒకే పెట్టెలో వేయకూడదు. ఇది చదువుకున్నవాళ్ళకే తికమక, మా నాయనమ్మ మాత్రం డెబ్బై దాటాక కూడా తడుముకోకుండా చెప్పేది.

పక్క ఊరికి బండి కట్టుకుని పోయారట. వాకిట్లోనే దొర గుమాస్తా కూర్చుని వచ్చేపోయేవాళ్ళ ముఖాలు చూస్తున్నాడట. చంకలో పిల్లాణ్ణి అత్త చేతికిచ్చి ఈమె లోపలికి పోయింది. "ఆ అర్రల నేనొక్కదాన్నే బిడ్డా. దొర లేడు, మీ తాత లేడు, మా అత్త లేదు" అనేది. పుట్టి బుద్ధెరిగాక ఒక గదిలో తను ఒక్కతే నిలబడటం అదే మొదలట. కాగితాలు వేసేసి కూడా కదల్లేదు, అధికారి బయటి నుంచి పిలిచేదాకా అట్లనే నిలబడింది.

టీవీ చర్చల్లో కూర్చుని "అప్పటి జనానికి ఏం తెలుసు, ఎద్దుల బొమ్మ చూసి వేశారు" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దేశం మొత్తం మీద 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేశారు, ఫలానావాడి పెళ్ళాం, ఫలానావాడి తల్లి అనే తప్ప సొంత పేరు చెప్పనందుకు. ఎక్కువ ఉత్తరాదివాళ్ళే. మా ఇంట్లో కూడా అత్త "మా పెద్దకోడలు" అని రాయించబోతే నాయనమ్మే అడ్డుపడి తన పేరు చెప్పింది. తెలియనివాళ్ళు చేసే పనేనా అది?

ఫలితం చూడండి. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే జనం కలిసున్న రాష్ట్రం, 175 సీట్లు. కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. నల్లగొండ నుంచి నిలబడ్డ పీడీఎఫ్ నాయకుడు రవి నారాయణరెడ్డి గారికి పార్లమెంటుకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్నదే అందరూ చెప్పుకుంటారు. నాకైతే ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గారు అసెంబ్లీకి గెలవడం అంతకంటే పెద్ద విషయం. దళంలో తుపాకి పట్టిన ఆడమనిషిని గెలిపించి అసెంబ్లీకి పంపారు. మా దగ్గర దొరల భయం విరిగింది ఆ పెట్టెల గదిలోనే, నా మాట రాసి పెట్టుకోండి. మా స్కూలు పుస్తకంలో మాత్రం ఈ ఎన్నికల గురించి ఒక్క వాక్యం ఉంటే ఒట్టు.

2004లో ఈవీఎం వచ్చినప్పుడు నాయనమ్మను నేనే తీసుకెళ్ళాను. గది నిండా మనుషులు, మిషన్ చుట్టూ మోకాలెత్తు అట్ట. "అర్ర ఏది బిడ్డా?" అని అడిగింది. ఇదే నాయనమ్మా అన్నాను. కొంగు తీసి మిషన్ మీద రెండు పక్కలా కప్పుకుని, అప్పుడు నొక్కింది.