చిన్నపిల్లలు కథ గురించి చర్చిస్తారా? నీతి అడగకపోతే చర్చిస్తారు

మీరు అడిగింది ఇది: ఊళ్ళోని శాఖా గ్రంథాలయంలో ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు ఆదివారం పుస్తక క్లబ్బు పెట్టి, ఒక కథల పుస్తకం చదివి వాళ్ళచేత మాట్లాడించాలనుకుంటున్నాం, అంత చిన్నవాళ్ళు నిజంగా చర్చించగలరా, ఎలా నడపాలి, చివర సర్టిఫికెట్లు ఇవ్వాలా అని.

చర్చిస్తారు. మొదలుపెట్టాక ఆపడమే కష్టం. మధ్యలో పెద్దవాళ్ళు నోరు పెట్టకుండా ఉంటే చాలు. నేను లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసి, సముద్రానికి దగ్గరలో ఉన్న మా చిన్న పట్టణంలో ఇలాంటి క్లబ్బే ఒకటి నడుపుతున్నాను. కథల పుస్తకాలతో లెక్కల మాస్టారికి ఏం పని అని మా ఇంట్లోనే నవ్వారు. నన్నడిగితే ఈ పనికి తెలుగు మాస్టార్లకంటే మేమే నయం. వాళ్ళు కథ అయిపోగానే నీతి అడుగుతారు. మేము జవాబు ఎలా వచ్చిందని అడుగుతాం. ఈ మాటకు తెలుగు మాస్టార్లు నా మీద అలిగితే అలగనివ్వండి.

నిరుడు వేసవిలో జరిగింది చెబుతాను. ఆ రోజు తీసుకున్నది మనందరికీ తెలిసిన ఏడు చేపల కథ, బొమ్మల పుస్తకం. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒక చేప ఎండలేదు. గడ్డిమేటు అడ్డం వచ్చిందని చేప, ఆవు మేయలేదని గడ్డిమేటు, పాలేరు మేపలేదని ఆవు, అలా అలా చీమ దాకా పోతుంది. పిల్లలు చాప మీద కూర్చున్నారు. ఉన్నది ఒక్కటే ప్రతి కాబట్టి నేనే పైకి చదివి, బొమ్మ అందరికీ కనపడేలా తిప్పుతున్నాను.

కథ అయ్యాక నేను అడిగింది ఒకటే: "ఇందులో మీకు ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు?"

చేపల రేవు నుంచి వచ్చే పిల్లవాడొకడు ఉన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో వాళ్ళ నాన్న ఇంటి దగ్గరే ఉంటాడు, సైకిల్ మీద తెచ్చి దింపి వెళతాడు. బడిలో వీడు మాట్లాడడని వాళ్ళ టీచరమ్మ ఫిర్యాదు. వాడు లేచి నిలబడి మరీ అన్నాడు: "గడ్డిమేటు అడ్డం వస్తే ఏమైందండీ? పొద్దున నీడ ఒకవైపు ఉంటుంది, సాయంత్రం ఇంకోవైపు పోతుంది. చేపను జరపొచ్చు కదా. మా అమ్మ అయితే మధ్యాహ్నం అన్నీ తిరగేస్తుంది. తిరగేయకపోతే పురుగు పడుతుంది."

పాలేరు, అవ్వ, చీమ, అందరూ ఒక్క దెబ్బకు నిర్దోషులైపోయారు. కళ్ళద్దాల పిల్ల ఒకతె వెంటనే అందుకుంది: "అయితే ఆరు చేపలు ఎందుకు ఎండాయి?" వాడు తడుముకోకుండా, "ఆరుగురు తిరగేశారు. చిన్నవాడు తిరగేయలేదు" అన్నాడు. ఏడో చేప చిన్న కొడుకుదని పుస్తకంలో ఎక్కడా లేదు. అయినా ఎవరూ కాదనలేదు, ఇంట్లో అందరికంటే చిన్నదైన ఒక్క పిల్ల తప్ప. "ఎప్పుడూ చిన్నవాళ్ళ మీదే వేస్తారు!" అని ఆ పిల్లకు కళ్ళనీళ్ళొకటే తక్కువ. అక్కడ ఓ పది నిమిషాలు ఇళ్ళలో జరిగే అన్యాయాలన్నీ బయటికొచ్చాయి. ఎవరు పగలగొట్టిన గ్లాసుకు ఎవరు దెబ్బలు తిన్నారో ఇప్పుడు నాకు తెలుసు. కథ ఎటో పోయిందని మీరు అనుకుంటారు. ఎటూ పోలేదు. తప్పు ఎవరిదన్నదే కదా ఆ కథంతా!

అప్పుడు మూలన కూర్చున్న ఆరేళ్ళ పిల్ల, అంతవరకూ నోరు విప్పనిది, పుస్తకం దగ్గరికి పాకుతూ వచ్చి ఏడో చేప మీద వేలు పెట్టి, "ఇది చచ్చిపోలేదు" అంది. ఎలా తెలుసమ్మా అంటే, "ఎందుకు ఎండలేదని అడిగితే జవాబు చెప్పింది కదా. మాట్లాడితే బతికున్నట్టే కదా. బతికున్న చేప ఎలా ఎండుతుంది?"

నా చిన్నప్పటి నుంచి వింటున్న కథ, మా పిల్లలకూ చెప్పాను. ఈ ప్రశ్న నాకు ఒక్కనాడూ తట్టలేదు. రేవు పిల్లవాడు కాసేపు ఆలోచించి ఎదురు ప్రశ్న వేశాడు: "మరి గడ్డిమేటు కూడా మాట్లాడిందిగా, అది కూడా బతికుందా?" ఇక చూడాలి! గడ్డికి ప్రాణం ఉందని ఇద్దరు, కోశాక ఉండదని ఇద్దరు, కథలో అన్నీ మాట్లాడతాయి కాబట్టి మాట్లాడటం లెక్కలోకి రాదని కళ్ళద్దాల పిల్ల. అసలు గడ్డిమేటు ఎలా ఉంటుందని ఒకడు అడిగాడు. వాడి తప్పేం లేదు. చుట్టూ వరిచేలున్న ఊరే మాది, కానీ ఇప్పుడు కోత యంత్రాలొచ్చి గడ్డిని చుట్టలు చుట్టి లారీలకెత్తుతున్నారు. మేటు చూడాలంటే పుస్తకంలో చూడాల్సిందే.

చర్చ మంచి పాకాన పడిన ఆ సమయంలో, వెనక కుర్చీలో కూర్చున్న ఒక తల్లి తన కూతుర్ని పిలిచి, "కబుర్లు చాలు, కథలో నీతి ఏమిటో మాస్టారికి చెప్పు" అంది. ఆ అమ్మాయి టక్కున చేతులు కట్టుకుని, బడిలో ప్రతిజ్ఞ చదివే గొంతుతో, "తప్పు ఇతరుల మీదికి నెట్టరాదు" అని అప్పజెప్పింది. అంతే, పొంగుతున్న పాల మీద చన్నీళ్ళు చల్లినట్టయింది. మిగతావాళ్ళందరూ కూడా చేతులు కట్టుకున్నారు. జవాబు వచ్చేసింది కదా, ఇక మాట్లాడేందుకు ఏముంది? చేప బతికుందా లేదా అన్నది తేలకుండానే ఇళ్ళకు పోయారు.

ఆవిడను తప్పుపట్టడం లేదు. మనందరం అలాగే పెరిగాం. కథ అంటే చివర నీతి, పాఠం అంటే చివర ప్రశ్నలు. కానీ ఆ రోజు నుంచి తల్లిదండ్రులు హాల్లో పేపర్లు చదువుకోవాలి, పిల్లల దగ్గర కూర్చోకూడదు అని నియమం పెట్టాను. మొదట ఒకరిద్దరు నొచ్చుకున్నారు. మీరూ పెట్టండి. పక్కన అమ్మ ఉంటే పిల్లవాడి కళ్ళు పుస్తకం మీద ఉండవు, అమ్మ ముఖం మీద ఉంటాయి.

హాలు అన్నాను కదా, అదో గొడవ. ఇప్పుడు మన గ్రంథాలయాల్లో కుర్చీలన్నీ గ్రూప్స్, డీఎస్సీ రాసేవాళ్ళతో నిండి ఉంటాయి. పాపం వాళ్ళ బతుకుతెరువు వాళ్ళది, కాదనను. కానీ పిల్లలు గట్టిగా నవ్వితే చాలు, గోడ మీద 'నిశ్శబ్దం' బోర్డు చూపిస్తారు. మేము వరండాలోకి మారాం. మీరు మొదటే వరండానో చెట్టు కిందో చూసుకోండి. పిల్లల పుస్తకాల బీరువాకు తాళం వేసి ఉంటే ఆశ్చర్యపోకండి. పుస్తకం పోతే ఆ డబ్బు తన నుంచి రాబడతారని గ్రంథపాలకుడి భయం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. ఆ డబ్బుతో కొన్న పుస్తకం పిల్లవాడి చేతిలో చిరిగితే అది వాడినట్టు, బీరువాలో చెదలు తింటే అది పోయినట్టు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు ఈ తాళాలు చూస్తే ఏమనేవారో!

ఎలా నడపాలో కూడా అడిగారు. ఎనిమిది, పది మందికంటే ఎక్కువ వద్దు. ఇరవై మంది అయితే అది తరగతి, చర్చ కాదు. పిల్లలచేతే చదివించాలని పట్టుబట్టకండి. ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు, ఆ అవమానంతో మాట కూడా పడిపోతుంది. మీరు చదవండి, వాళ్ళు వింటారు. రెండుసార్లు చదవండి. మొదటిసారి కథ కోసం వింటారు, రెండోసారికి బొమ్మల్లోకి దిగుతారు, అసలు మాటలన్నీ అప్పుడే వస్తాయి. చెయ్యెత్తి మాట్లాడాలనే పద్ధతి పెడితే ఎప్పుడూ ఎత్తే చేతులే లేస్తాయి. ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే సరిదిద్దకుండా, "పుస్తకంలో ఎక్కడుందో చూపించు" అనండి. వాడే వచ్చి పేజీలు తిప్పుతాడు. మీకు జవాబు తెలిసిన ప్రశ్న మాత్రం అడగవద్దు. రాజుగారికి ఎంతమంది కొడుకులు అని అడిగారా, అది పరీక్ష అని వాళ్ళకు క్షణంలో తెలిసిపోతుంది.

పుస్తకాలకు ఇబ్బంది లేదు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ పిల్లల పుస్తకాలు తెలుగులో ఉన్నాయి, సికింద్రాబాదులో 'మంచి పుస్తకం' వాళ్ళు వేసేవి ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, దింపుకుని అచ్చు తీసుకోవచ్చు. మొదటి వారానికి మాత్రం పిల్లలు ఇంట్లో విన్న కథే తీసుకోండి. మా అవ్వ ఇలా చెప్పలేదని ఒకరు, మా అమ్మమ్మ కథలో గొల్లవాడు ఉన్నాడని ఇంకొకరు, చర్చ మీరు మొదలుపెట్టక్కరలేకుండానే మొదలవుతుంది.

సర్టిఫికెట్ల సంగతి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి, ఎలాగూ వేదిక మీద పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటోలు తీస్తారు. సర్టిఫికెట్ల సరదా అక్కడ తీరుతుంది. మీరు అచ్చు వేయించాలనుకున్న ఆ డబ్బుతో మొదటి పుస్తకానికే ఇంకో నాలుగు ప్రతులు కొని, ఒక్కొక్కటి ఒక్కో ఇంటికి వారం పాటు పంపించండి. చిరిగితే జిగురు నేను పంపిస్తాను.