టెక్ సందేహాలు: తొలిరోజు లాగిన్ కాకపోతే తప్పు ప్రొడ్యూసర్‌దేనా?

ప్రశ్న: మేం ఏడుగురం దోస్తులం 'ఫైనల్ ఫాంటసీ 14' మొదలుపెడదామనుకుంటున్నం. కొత్త భాగం వచ్చినప్పుడల్లా లాగిన్ కాకుంట సతాయిస్తది, ఆ ప్రొడ్యూసర్ యోషిదాను మార్చాలె అని ఒకడంటడు. ఆయన లేకుంటే అసలు ఆ గేమే లేదని ఇంకొకడంటడు. రోజూ ఇదే లొల్లి. ఎవరి మాట నిజం?
- ఒక విద్యార్థి, హనుమకొండ

వేలమంది ఆన్‌లైన్‌లో కలిసి ఆడే ఈ గేమ్‌కు వచ్చిన లాంచ్ ఇబ్బందుల్లో ముఖ్యమైనవి రెండు. మీ దోస్తులిద్దరూ చెరొక ఇబ్బందిని మనసులో పెట్టుకొని వాదిస్తున్నారు, అందుకే తేలడం లేదు. ఒకటి గేమే సరిగా తయారుకాని 2010. రెండోది గేమ్ బాగుండి, వచ్చిన జనానికి సర్వర్లలో చోటు చాలని 2021. ఈ రెంటినీ విడదీసి చూడాలి.

2010 సెప్టెంబర్ 30న కంప్యూటర్లకు విడుదలైన మొదటి రూపానికి ప్రొడ్యూసర్ హిరోమిచి తనాకా. అప్పటి లోపాలు సర్వర్లు పెంచితే తీరేవి కావు. వస్తువు కొనాలంటే మార్కెట్ వీధిలో ఆటగాళ్లు అమ్మకానికి నిలబెట్టిన ఒక్కొక్క సేవకుడి దగ్గరికీ నడిచివెళ్లి అతని సంచీ వెతకాలి. ఒకే క్లాస్‌తో (పాత్ర వృత్తితో) వారంలో 8 గంటలు దాటి ఆడితే అనుభవ పాయింట్లు తగ్గిపోతూ వచ్చేవి. ఎక్కువసేపు ఆడేవాడికి శిక్ష అన్నమాట. ఇక పూలకుండీ సంగతి. తర్వాత నావోకి యోషిదాయే 2014 గేమ్ డెవలపర్ల సదస్సులో చెప్పారు: అలంకారానికి పెట్టిన ఒక్క కుండీకి సుమారు 1,000 పాలిగాన్లు (బొమ్మను కట్టే చిన్న ముక్కలు), 150 వరుసల షేడర్ కోడ్ (రంగు, వెలుగు లెక్కగట్టేది). ఆటగాడి పాత్రకు ఎంతో, కుండీకీ అంతే. గ్రాఫిక్స్ శక్తినంతా ఇలాంటివి తినేయడంతో తెరమీద ఒకేసారి 20 మంది కంటే ఎక్కువ ఆటగాళ్లను చూపలేకపోయేవారు. వేలమంది కలిసి ఆడాల్సిన గేమ్‌లో 20 మంది! దేనికి ఎంత ఖర్చు పెట్టాలో పైనుంచి చెప్పేవాళ్లు లేనప్పుడే ఇలా జరుగుతుంది. కాబట్టి 2010 వైఫల్యం నాయకత్వానిదే అనడానికి నాకు సందేహం లేదు.

ఆ డిసెంబర్‌లో యోషిదా వచ్చారు. ఆయన చేసిన పని గేమింగ్‌లో అరుదు. పాత గేమ్‌ను ప్యాచ్‌లతో బతికిస్తూనే, అదే సమయంలో కొత్త గేమ్‌ను మొదటినుంచి కట్టించారు. నెలవారీ రుసుము 2012 జనవరి దాకా వసూలు చేయలేదు. 2012 నవంబర్ 11న పాత సర్వర్లు ఆపేశారు. ఆ ఆపడాన్ని కూడా కథలో కలిపేసి, ఆకాశంనుంచి చంద్రుడొకటి కూలి ప్రపంచం నాశనమైనట్టు చూపించారు. 2013 ఆగస్టు 27న ఆ కొత్త గేమ్ 'ఎ రెల్మ్ రీబార్న్' పేరుతో వచ్చింది. మీ రెండో దోస్తు మాట ఈ మూడేళ్లకు పూర్తిగా వర్తిస్తుంది.

మొదటి దోస్తు కోపం 'ఎండ్‌వాకర్' అనే ఎక్స్‌పాన్షన్ (కొత్త భాగం) నాటిది. 2021 డిసెంబర్ 3న ముందస్తు ప్రవేశం తెరవగానే గంటల తరబడి క్యూలు, లాగిన్ కానీయకుండా తోసేసే 'ఎర్రర్ 2002'. అప్పుడు యోషిదా కారణం అంకెతో సహా చెప్పారు: ఒక డేటా సెంటర్ (కొన్ని సర్వర్ల గుంపు) లాగిన్ క్యూలో 17,000 మందికి మించితే ఆపైన వచ్చినవాళ్లను సర్వర్ వెనక్కి పంపేస్తుంది. ప్రపంచమంతటా చిప్‌ల కొరత ఉండటంతో అదనపు సర్వర్ యంత్రాలు దొరకలేదని కూడా దాచలేదు. ముందు 7 రోజులు, తర్వాత మరో 14 రోజులు ఉచిత గడువు ఇచ్చారు. డిసెంబర్ నడుమ గేమ్ అమ్మకమే ఆపేశారు. 2022 జనవరి 25న తిరిగి మొదలుపెట్టారు. ఆ జనవరిలోనే ఓషియానియా డేటా సెంటర్, జూలైలో ఒక డేటా సెంటర్‌నుంచి ఇంకోదానికి వెళ్లి ఆడే వీలు వచ్చాయి.

నా లెక్క ఇది: క్యూ ఏర్పడటం ప్రొడ్యూసర్ తప్పు కాదు. మొదటి వారం జనానికి సరిపడా యంత్రాలు కొంటే మూడో నెలలో సగం ఖాళీగా ఉంటాయి. కానీ చోటు లేదని తెలిశాక కూడా సుమారు రెండు వారాలపాటు కొత్తవాళ్లకు గేమ్ అమ్మారే, అది తప్పు. మొదటి మూడు రోజుల్లోనే ఆపాల్సింది. మీ మొదటి దోస్తు ఈ ఒక్క మాట పట్టుకుంటే వాదన గట్టిగా నిలుస్తుంది. 'తీసేయాలి' దాకా వెళ్లడానికి మాత్రం ఇది చాలదు.

ఇంకొకటి. ప్రొడ్యూసర్ చూసేది బడ్జెట్, గడువు, మనుషులు, అమ్మకం. గేమ్ లోపల ఏముండాలో తేల్చేది డైరెక్టర్. ఈ గేమ్‌కు రెండు పదవులూ యోషిదావే కాబట్టి అన్నీ కలగలిసిపోతాయి. 2024 జూలై 2న వచ్చిన 'డాన్‌ట్రెయిల్' ఎక్స్‌పాన్షన్ కథ నచ్చనివాళ్లు డైరెక్టర్‌ను అడగాలి, సర్వర్లు సరిపోలేదనేవాళ్లు ప్రొడ్యూసర్‌ను. ఏ యోషిదా మీద కోపమో ముందు తేల్చుకుంటే మీ లొల్లిలో సగం తీరుతుంది.

ప్రశ్న: నాకు సెకండ్ షిఫ్ట్. ఇంటికొచ్చి కూసునేసరికి రాత్రి పదకొండున్నర. ఏ డేటా సెంటర్ ఎంచుకోవాలె? పింగ్ ఎక్కువున్నా ఆడొచ్చా?
- సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

మనదేశంలో ఈ గేమ్‌కు సర్వర్లు లేవు. జపాన్, ఉత్తర అమెరికా, యూరప్, ఓషియానియా - ఈ నాలుగే. మన రాత్రి 11:30 అంటే జపాన్‌లో తెల్లవారుజాము 3 గంటలు. యూరప్‌లో చలికాలం రాత్రి 7, ఎండాకాలం 8. అంటే యూరప్‌లో అప్పుడే జనం గుమిగూడతారు. విడుదల వారంలో క్యూ ఉండకూడదంటే జపాన్, నలుగురైదుగురు వెంటనే జతకలవాలంటే యూరప్. మిగతా రోజుల్లో క్యూ పెద్ద సమస్య కాదు కాబట్టి మీ వేళకు నేను యూరప్‌నే చెబుతాను. జపాన్‌కే వెళ్తే ఎలిమెంటల్ డేటా సెంటర్‌లోని టాన్‌బెర్రీ వరల్డ్ (సర్వర్) చూడండి, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు అక్కడ దొరుకుతారు. ఒక ప్రాంతంనుంచి ఇంకో ప్రాంతానికి పాత్రను శాశ్వతంగా మార్చుకోవాలంటే రుసుము కట్టాలి. అందుకే ముందు ఉచిత ట్రయల్‌లో రెండుచోట్లా ఒక్కో పాత్ర తయారుచేసి మీ వేళకే ఆడి చూడండి.

పింగ్ అంటే మీ నొక్కు సర్వర్‌దాకా వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, దీని గురించి వివరంగా చెప్పాలి. ఇక్కడినుంచి టోక్యోకు నేరుగా గీత గీస్తే సుమారు 6,200 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి రాకపోకలకు కనీసం 62 మిల్లీసెకన్లు. కేబుల్ నేరుగా పోదు, చెన్నై లేదా ముంబయి తీరందాకా వెళ్లి సముద్రం దిగుతుంది. అందుకే అసలు అంకె దానికి రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఏ 'గేమింగ్ ప్లాన్' కొన్నా ఈ 62 తగ్గదు.

ఈ గేమ్‌లో ప్రధాన దెబ్బలు 2.5 సెకన్లకొకసారి పడతాయి. వాటి నడుమ చిన్న నైపుణ్యాలు రెండు ఇరికిస్తారు. ప్రతి నొక్కుకూ సుమారు 0.6 సెకను చెయ్యి కట్టేసినట్టవుతుంది, దానికి మీ పింగ్ కలుస్తుంది. పింగ్ 200 మిల్లీసెకన్లయితే మూడు నొక్కులకు 2.4 సెకన్లు, ఎలాగో సరిపోతుంది. 250 అయితే 2.55, తర్వాతి దెబ్బ ఆలస్యం. కాబట్టి 200కు దగ్గరున్నవాళ్లు నింజా, మెషినిస్ట్ లాంటి వేగంగా నొక్కాల్సిన పాత్రల జోలికి వెళ్లకుండా వైట్ మేజ్ లాంటి మంత్రపాత్రలు తీసుకుంటే హాయి. శత్రువు నేలమీద నారింజ రంగు గుర్తు వేస్తే, దెబ్బ బొమ్మ కనిపించేదాకా ఆగొద్దు. శత్రువు దెబ్బ సిద్ధమవుతోందని చూపే పట్టీ (కాస్ట్ బార్) నిండిన క్షణంలోనే ఎవరికి తగిలిందో తేలిపోతుంది, బొమ్మ తర్వాత వస్తుంది. "బయటికొచ్చినా తగిలింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

మీ లైన్ బాగుందో లేదో చూడటానికి విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో టీసీపీ కనెక్షన్స్ చూడండి. గేమ్ పేరు ఎదురుగా ప్యాకెట్ లాస్ శాతం, లేటెన్సీ కనిపిస్తాయి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో మీ రౌటర్ చిరునామాకే పింగ్ పెట్టి పది నిమిషాలు వదలండి. 1-2 మిల్లీసెకన్లు రావాల్సింది మధ్యమధ్య 80, 100 అయితే తప్పు వైఫైది. సర్వర్‌ను, ప్రొడ్యూసర్‌ను తిట్టేముందు లాన్ కేబుల్ పెట్టండి. అది బాగుండి కూడా ల్యాగ్ వస్తే, ఆ సమయంలో ఇంట్లో ఎవరి ఫోన్ ఫొటోలు క్లౌడ్‌కు ఎక్కిస్తోందో చూడండి.

ప్రశ్న: క్యూలో గంట కూర్చున్నాక ఎర్రర్ 2002 వచ్చి బయటపడితే మళ్లీ చివరికి పోవాలా?
- కరీంనగర్

క్యూలో చేరుతుండగానే తోసేస్తే అది జనం ఎక్కువై. క్యూలో కొంతసేపు ఉన్నాక వస్తే చాలాసార్లు మీ లైన్ క్షణంపాటు తెగి ఉంటుంది. వెంటనే గేమ్ మళ్లీ తెరిచి అదే పాత్రతో లాగిన్ అవ్వండి, మీ స్థానం కొద్దిసేపు పదిలంగా ఉంటుంది. భోజనం చేసొచ్చి చూద్దామంటే పోతుంది.

క్యూలో ఉన్నంతసేపూ గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తూనే ఉంటుందని మరవద్దు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్‌ను 60కి కట్టేయండి. గేమ్ వెనక్కి వెళ్లినప్పుడు ఫ్రేములు తగ్గించే టిక్ కూడా పెట్టండి. 2021 జూలైలో 'న్యూ వరల్డ్' అనే ఇంకో గేమ్ బీటాలో (విడుదలకు ముందు పరీక్షలో) మెనూ దగ్గర ఫ్రేములకు హద్దు లేకపోవడంతో కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు కాలిపోయాయి. ఆ కార్డుల్లో టంకం లోపం ఉందని తర్వాత తేలింది. మన రామగుండం మే ఎండల్లో లాప్‌టాప్‌కు ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉన్నా గేమ్ కట్ అవుతుంది. రౌటర్‌కు మినీ యూపీఎస్ పెడితే సరిపోతుందా?
- జగిత్యాల

ముందు ఇన్వర్టర్ వెనకున్న స్విచ్ చూడండి. 'నార్మల్' మీద ఉంటే మారే సమయం ఎక్కువ, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. 'యూపీఎస్' మీదికి తిప్పండి. మినీ యూపీఎస్ కొనేముందు ఫైబర్ డబ్బా అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చదవండి. చాలావాటికి 12 వోల్టులే, అయినా చూసే కొనండి. ఇవన్నీ చేసినా నెట్ పోతోందంటే, మీ వీధి స్తంభం మీద కేబుల్ ఆపరేటర్ పెట్టిన స్విచ్‌కు బ్యాటరీ లేనట్టే. దానికి మీ ఇంట్లో మందు లేదు, ఆపరేటర్‌నే పట్టుకోవాలి.

ప్రశ్న: డబ్బులు పెట్టి కొనాలా, ట్రయల్ చాలా? నా లాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650, 8 జీబీ ర్యామ్.
- మంచిర్యాల

ట్రయల్‌కు రోజుల గడువు లేదు. 2023 అక్టోబర్‌నుంచి మొదటి రెండు ఎక్స్‌పాన్షన్లతో కలిపి 70వ లెవెల్ దాకా ఉచితం. మార్కెట్ వాడలేరు, మీరుగా పార్టీ (ఆటగాళ్ల జట్టు) కట్టలేరు, 3 లక్షల గిల్‌కు (గేమ్‌లోని డబ్బు) మించి దాచలేరు. పూర్తి వెర్షన్ కొన్నాక ట్రయల్‌కు తిరిగి రావడం కుదరదు కాబట్టి తొందరపడొద్దు. కొనేటప్పుడు స్టీమ్‌లో కొంటే తర్వాతి భాగాలన్నీ స్టీమ్‌లోనే కొనాలి, బయట డిస్కౌంట్‌కు దొరికింది కలవదు.

మీ కార్డు కనీస అర్హతకు అంచునుంది, ఎఫ్ఎస్ఆర్ (చిన్న బొమ్మను పెద్దది చేసి చూపి కార్డు భారం తగ్గించే సెట్టింగ్) ఆన్ చేస్తే ఆడుకోవచ్చు. ఊహించడమెందుకు, అధికారిక డాన్‌ట్రెయిల్ బెంచ్‌మార్క్ (మీ యంత్రం గేమ్‌ను నడపగలదో చూపే ప్రోగ్రామ్) ఉచితం, దింపి నడపండి. అందులో తయారుచేసిన పాత్ర రూపాన్ని గేమ్‌లోకి తెచ్చుకోవచ్చు కూడా. పూర్తి గేమ్‌కు 140 జీబీ జాగా కావాలి. 30 ఎంబీపీఎస్ లైన్‌లో నికరంగా పదిన్నర గంటలు, 100లో మూడు గంటల పైచిలుకు. రాత్రి పడుకునేముందు పెట్టి, లాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చండి.