చెట్టినాడు పాత మేడలో బస: పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇదీ: అమ్మానాన్నల 40వ పెళ్ళిరోజుకి తమిళనాడులోని చెట్టినాడు ప్రాంతంలో, కారైకుడి వైపు హోటల్‌గా మార్చిన పాత చెట్టియార్ మేడలో రెండు రాత్రులు ఉందామనుకుంటున్నారు. మామూలు హోటల్‌కి అయ్యేదానికంటే అంత ఎక్కువ పెట్టడం దండగేమోనని ఒక అనుమానం, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారికి కష్టమవుతుందేమోనని ఇంకో టెన్షన్. మేం చెన్నైలో ఉంటాం. మా అత్తయ్యని తీసుకుని ఆ మేడల్లో బస చేశాం, ఆవిడవీ నొప్పుల మోకాళ్ళే. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

తప్పకుండా వెళ్ళండి. అయితే హోటల్ ఎంచుకునేటప్పుడు గది ఫొటోల కంటే ఇంటి ఫొటోలు ఎక్కువ చూడండి. మీరు పెట్టే డబ్బుకి అసలు దక్కేది ఆ ఇల్లే.

ఈ ప్రాంతపు వ్యాపార కులమైన నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, సిలోన్, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించిందంతా సొంతూళ్ళకి తెచ్చి ఇళ్ళుగా పోశారు. 19వ శతాబ్దం రెండో సగం నుంచి 1940ల దాకా కట్టినవే ఈ మేడలన్నీ. బర్మా టేకు స్తంభాలు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు ఓడల్లో వచ్చాయి. 1942లో జపాన్ సైన్యం బర్మాని పట్టుకోవడంతో ఆ వ్యాపారం కుప్పకూలింది, దాంతోపాటే ఇళ్ళు కట్టడమూ ఆగింది. ఇప్పుడు 70కి పైగా ఊళ్ళలో వేల ఇళ్ళు ఉన్నాయి. చాలావాటికి తాళాలే. ఒక్కో ఇంటికి పదుల మంది వారసులు, పెళ్ళిళ్ళకి మాత్రం తలుపులు తెరుస్తారు. పంపకాలు తెగక కూలగొట్టిన ఇళ్ళ స్తంభాలు, తలుపులు, గజలక్ష్మి చెక్కిన ద్వారబంధాలు కారైకుడి పాతసామాన్ల బజారులో అమ్మకానికి కనిపిస్తాయి. అవి చూస్తే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఇల్లు హోటలైనా సరే, నిలబడి ఉండటం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

కోనసీమలో మండువా లోగిలి (మధ్యలో పైకప్పు లేని వాకిలి ఉండే ఇల్లు) చూసినవాళ్ళకి ఈ ఇళ్ళ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ తేడా ఏమిటంటే వాకిళ్ళు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వీధి వైపు అరుగులు, తర్వాత మగవాళ్ళు లెక్కలు చూసుకునే పెద్ద హాలు, తర్వాత పెళ్ళిళ్ళు జరిగే మండువా, దాని వెనక భోజనాలది, ఆ వెనక వంటలది. ముందు గుమ్మం ఒక వీధిలో ఉంటే పెరటి గుమ్మం వెనక వీధిలో తేలుతుంది. పెద్ద మండువా చుట్టూ ఉన్న చిన్న గదులు ఒక్కోటి ఒక్కో పెళ్ళయిన కొడుక్కి ఇచ్చేవారట, సామాన్లు దాచుకోవడానికి, ఆ జంట ఏకాంతానికి. మిగతా బతుకంతా హాళ్ళలో, వసారాల్లోనే. చాలా హోటళ్ళలో మీకిచ్చే గది అదే. ఇరుకుగా, కిటికీలు తక్కువగా ఉంటుంది. "ఇంత డబ్బు తీసుకుని ఇంత చిన్న గదా" అని రివ్యూల్లో తిట్టేవాళ్ళు ఎక్కువగా దీని గురించే తిడతారు. ఆ గదిలో పడుకోవాలి, పగలు వసారాలో గడపాలి. ఆ ఇంటివాళ్ళు బతికిందీ అలాగే.

మా అత్తయ్య మధ్యాహ్నం భోజనం అయ్యాక గదిలోకి వెళ్ళలేదు. మండువా పక్క వసారాలో గోడకి చేరగిలబడి కూర్చుంది. కాసేపటికి అరచెయ్యి గోడకి ఆనించి, "ఇది పాలరాయా ఏంటే?" అంది. కాదు, సున్నం. సున్నం, ఇసుక కలిపి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి నూరి, పొర మీద పొర వేసి, చివరి పూతలో గుడ్డు తెల్లసొన కలిపి నున్నగా రుద్దుతారు. ఇన్నేళ్ళయినా ఆ గోడలో మన ముఖం మసగ్గా కనిపిస్తుంది. బయట ఎండ మండిపోతుంటే గోడ మాత్రం చల్లగా ఉంది. ఆవిడ ఫ్యాన్ కూడా వెయ్యనివ్వలేదు.

ఇంటిని బాగుచేసిన తీరులో మంచీ చెడ్డా తేడా తెలిసేదీ ఇక్కడే. ఇంకో ఊళ్ళో ఒక మేడలో దిగాం, పేరు వద్దు. మండువా పైన ప్లాస్టిక్ షీటు బిగించేశారు. దాంతో వేడిగాలి పైకి పోయే దారి లేక ఇల్లంతా ఉక్క. సున్నం గోడ పెచ్చులూడిన చోట సిమెంటు కొట్టి ఎమల్షన్ పెయింట్ వేశారు. గోడ పీల్చుకున్న చెమ్మ బయటికి రాలేక పెయింట్ పొక్కులు పొక్కులుగా లేచింది. కాబట్టి బుక్ చేసే ముందు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: మండువా తెరిచే ఉందా, గోడలకి సున్నమే వాడారా. శ్రద్ధగా బాగుచేసినవాళ్ళయితే ఈ ప్రశ్నకి సంబరపడి చాలాసేపు చెబుతారు. మండువా తెరిచి ఉంటే వానచినుకులు, పావురాలు, సాయంత్రం దోమలు కూడా వస్తాయి. దానికి సిద్ధపడి వెళ్ళండి.

పేరున్నవాటిలో కానాడుకాత్తాన్‌లోని 'విశాలం' ఒక తండ్రి కూతురి కోసం కట్టించి ఆమె పేరే పెట్టిన ఇల్లు. తర్వాతి కాలపు కట్టడం కాబట్టి గదులు పెద్దవి, మీ అమ్మానాన్నలకి ముందు దీన్నే చూడమంటాను. కడియాపట్టిలో చిదంబర విలాస్ ఉంది, తిరుమయం కోటకి దగ్గర. కొత్తమంగళంలోని శారదా విలాస్ 1910 నాటిది, ఇద్దరు ఫ్రెంచ్ ఆర్కిటెక్టులు బాగుచేశారు. కారైకుడి ఊళ్ళోనే కావాలంటే 'ది బంగళా' అనే హోటల్ ఉంది, భోజనానికి దానికి చాలా పేరు.

ఇక అమ్మగారి మోకాళ్ళ సంగతి. కింది అంతస్తు గదే కావాలని ఖచ్చితంగా చెప్పండి. పాత మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి, కొన్నిచోట్ల పట్టుకోడానికి ఏమీ ఉండదు. గడపలు ఎత్తు, లోపలి తలుపులు పొట్టి. కాలు ఎత్తి, తల వంచి ఒకేసారి దాటాలి. రాత్రి బాత్రూముకి లేచినప్పుడు ఇదే ప్రమాదం, చిన్న లైటు వెలుగుతూ ఉండేలా చూసుకోండి. బాత్రూములు ఈ మధ్య కట్టినవే కాబట్టి చాలాచోట్ల బాగానే ఉంటాయి. అయినా గదికీ బాత్రూముకీ మధ్య మెట్టు ఉందేమో అడగండి. నాన్నగారికి నిద్ర పలచనైతే వంటింటి వైపు గది వద్దనండి. మండువాలో గుసగుసలాడినా చుట్టూ గదులన్నిటికీ వినిపిస్తుంది, వంటింట్లో పొద్దున్నే గిన్నెల చప్పుడు మొదలవుతుంది.

తిండికి లోటుండదు. చెట్టినాడు అంటే మన హోటళ్ళలో మంట పుట్టించే కోడికూరే అనుకుంటాం. అక్కడ ఇంటివంట అంత కారం ఉండదు. మిరియం, సోంపు, రాతిపువ్వు వాసన ముందు తగులుతుంది. మాంసం తినకపోతే బియ్యం కడిగిన నీళ్ళతో చేసే బెండకాయ మండి అడగండి, పులుపుగా చాలా బాగుంటుంది. పొద్దున తెల్ల పణియారం. తీపికి నల్ల బియ్యంతో చేసే కవుని అరిసి, ఆ బియ్యం కూడా బర్మా నుంచి వచ్చిందేనని చెబుతారు.

ఒక పూట ఆత్తంగుడికి కేటాయించండి. మీరు నడిచిన ఆ రంగురంగుల నేల టైల్స్ తయారయ్యేది అక్కడే. గాజు పలక మీద ఇనప అచ్చు పెట్టి, ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు చేత్తో పోస్తారు. అచ్చు పైకి తీస్తే పువ్వు అలాగే నిలుస్తుంది, రంగులు ఒకదాంట్లో ఒకటి కలవవు. దాని మీద పొడి సిమెంటు, ఇసుక కలిపిన తడి సిమెంటు వేసి, నీళ్ళలో నానబెట్టి ఆరనిస్తారు. గాజు నుంచి విడివడినప్పుడు ఉండే నునుపే దాని మెరుపు, కొలిమిలో కాల్చడం లేదు. నాన్నగారు ఇంజనీరింగ్ ఇష్టపడే మనిషైతే అక్కడి నుంచి ఆయన్ని కదిలించడం కష్టం. పిళ్ళయార్‌పట్టి వినాయకుడి గుహాలయం కూడా దగ్గరే, పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ.

నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అమ్మానాన్నల పెళ్ళిరోజు తేదీ ఏప్రిల్, మే నెలల్లో పడితే ప్రయాణం ముందుకో వెనక్కో జరపమంటాను, ఆ ఎండ పెద్దవాళ్ళకి మంచిది కాదు. హైదరాబాద్ నుంచైతే తిరుచ్చి లేదా మదురైకి విమానంలో దిగి కారు మాట్లాడుకోండి, ఎటు నుంచైనా సుమారు రెండు గంటలు. చెన్నై మీదుగా అయితే కారైకుడికి పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఊళ్ళలో ఆటోలు అన్నివేళలా దొరకవు కాబట్టి అక్కడ తిరగడానికీ అదే కారుని ఉంచేసుకోండి.