ఫ్రీ పాస్కల్‌లో జెనరిక్స్‌కి రెండు రకాల సింటాక్స్ ఎందుకు?

జెనరిక్స్ అంటే ఒకే కోడ్‌ని వేర్వేరు డేటా టైపులకి పనికొచ్చేలా రాయడం. అలాంటి కోడ్ రాసేటప్పుడు ‘జెనరిక్’ అనీ, దాన్ని ఒక టైపుకి వాడేటప్పుడు ‘స్పెషలైజ్’ అనీ రాయమని ఫ్రీ పాస్కల్ (పాస్కల్ భాషకి ఉచిత కంపైలర్) ఎందుకు అడుగుతుంది, డెల్ఫీలో (పాస్కల్‌కే మరో కంపైలర్) అవి ఎందుకు అక్కర్లేదు అన్నది మీ ప్రశ్న. ఏది ముందొచ్చిందో చూస్తే కారణం తెలుస్తుంది. ఫ్రీ పాస్కల్ 2007లోనే 2.2 వెర్షన్‌తో జెనరిక్స్ తెచ్చేసింది. డెల్ఫీ విండోస్ కంపైలర్‌లోకి అవి ఆ తర్వాత, డెల్ఫీ 2009తో, వేరే సింటాక్స్‌లో వచ్చాయి. అప్పటికే రాసిన కోడ్ చెడకూడదు, డెల్ఫీ కోడూ కంపైల్ కావాలి. అందుకే రెండూ ఉంచి, ఎంపికను మోడ్‌కి, అంటే ఏ సింటాక్స్ పాటించాలో కంపైలర్‌కి చెప్పే సెట్టింగ్‌కి, వదిలేశారు. ఫైల్ పైన డెల్ఫీ మోడ్ పెడితే ఆ పదాలు అవసరం లేదు.

నాకైతే ‘స్పెషలైజ్’ ఉండటమే నచ్చుతుంది. ‘<’ గుర్తు కనబడగానే అది పోలికా, టైపా అని కంపైలర్ తడుముకోనక్కర్లేదు. చదివేవాళ్లకీ వెంటనే తెలుస్తుంది.